నొక్కినంతసేపూ

రేడియో లైసెన్సు చేతికొచ్చి నాలుగు నెలలైనా నేను ఆ బొత్తాం ఒక్కసారి కూడా నొక్కలేదు.

మైకు పక్కన బొటనవేలంత బొత్తాం అది. నొక్కితే నా మాట బయటికి పోతుంది, వదిలితే అవతలివాళ్ల మాట నాకు వినబడుతుంది. అంతే. అయినా దాన్ని చూస్తేనే చేతులు కొంగులో దాచుకునేదాన్ని. ఎక్కడెక్కడి ఇళ్లలోనో చెవులు రిక్కించుకుని కూర్చున్న మనుషుల మధ్యకి నా గొంతు ఒక్కటే నడిచిపోవాలి. పోయిన మాటని వెనక్కి పిలవలేం.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండమ్మా," అన్నాడు గడియారాలాయన మొదటిరోజే. "నొక్కినంతసేపూ మీకు చెవుడు, వదిలినంతసేపూ మూగ. రెండూ ఒకేసారి కుదరవు. పెళ్లైన కొత్తలో మా ఆవిడకీ ఇదే చెప్పా. ఆవిడ నొక్కింది ఇప్పటిదాకా వదల్లేదు."

ఆయన మా వీధి చివర గడియారాలు బాగుచేస్తాడు. ఇళ్లలోంచి రేడియోలో మాట్లాడుకునే సరదా ఉన్నవాళ్లు ఊళ్లో పదిహేనుమంది దాకా ఉన్నారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు ఆయనే. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన ఒక్కొక్కరినే పిలుస్తాడు, వాళ్లు పలుకుతారు. దాన్ని హాజరు అంటారు. ఆ హాజరులో మూడో గొంతు మా చెల్లెలిది.

చెల్లెలు కొండమీద ఆసుపత్రిలో నర్సు. ఆసుపత్రి అంటే మూడు గదులు, ఆరు మంచాలు. చేతికి సూది రాకముందే మాటకి సూది ఉందని ఇంట్లో దాన్ని సూదిమొన అనేవాళ్లం. వానాకాలం వస్తే కొండమీద ఫోను టవరు మొదట చచ్చిపోతుంది, తర్వాత రోడ్డు. ఇక మిగిలేది రేడియో. ఫోను పోయిన ప్రతిసారీ నేను అన్నం మానేసి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటున్నానని దానికి తెలిసి, "పుస్తకాలు నమిలేస్తావుగా, ఈ పుస్తకం కూడా నమిలి పరీక్ష రాయి. నేను బతికున్నానో లేదో నీ చెవులతో నువ్వే వినొచ్చు," అంది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. పుస్తకాలు కుట్టే షాపులో అచ్చైన కాగితాల ఫారాలు మడతపెడుతూ చదవడం నేర్చుకున్నాను. అందుకే నాకు చాలా కథల మధ్యభాగాలే తెలుసు. అలాంటిదాన్ని అరవై ఏడో ఏట కూర్చుని కరెంటు గురించీ తరంగాల గురించీ కంఠతా పట్టి పరీక్ష రాశాను. పాసయ్యాను. పాసైన రోజు నుంచి భయం రెట్టింపయింది. ఎందుకంటే ఆ పుస్తకం నిండా జాగ్రత్తలే.

ఒక కాగితం మీద ఇరవైమూడు సందేహాలు రాసుకుని గడియారాలాయన దగ్గరికి వెళ్లాను. ఏరియల్ ఎంత ఎత్తున పెట్టాలి? గాలికి పడి ఎవరి తలైనా పగిలితే ఎవరిది పూచీ? పిడుగు పడితే తీగ వెంట ఇంట్లోకి వస్తుందా? సెట్టు కాలిపోయే ముందు ఏమైనా సూచన ఉంటుందా? నేను తప్పు మాట్లాడితే లైసెన్సు పీకేస్తారా? ఆయన కంటికి భూతద్దం పెట్టుకునే కాగితం చదివి, "అమ్మా, ఇందులో ఇరవై భయాలు, మూడు ప్రశ్నలు," అన్నాడు. మూడింటికీ జవాబు చెప్పాడు. ఏరియల్ డాబా మీద, ఎత్తు ఎంత ఉంటే అంత మంచిది. దాని స్తంభం నుంచి మందపాటి రాగి తీగ నేలలోకి దించాలి. ఉరుము వినబడగానే సెట్టు వెనక కేబులు పీకేసి కిటికీ బయటికి తోసెయ్యాలి. అడగకపోయినా ఇంకోటి చెప్పాడు: కరెంటు పోతే పనికొచ్చేలా ఒక బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలి.

డాబా నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడది. కింది వాటాలో ఉంటుంది. ఒక నిలువు ఊచ, దాని మొదట్లో కిందికి వాలిన నాలుగు ఊచలు చూసి, "గుడ్డ ఊడిపోయిన గొడుగు నా ఇంటి నెత్తిన పెట్టావేంటి?" అంది. పెట్టిన వారానికి పైకొచ్చి, మా సెట్టు వల్లే తన టీవీలో చీమలు పాకుతున్నాయని గొడవ చేసింది. నేను ఒక్కసారి కూడా నొక్కలేదంటే నమ్మలేదు. చివరికి గడియారాలాయనే వచ్చి వాళ్ల టీవీ తీగకి నల్లటి ఉంగరం లాంటిది ఒకటి తొడిగి, "మళ్లీ ఏమైనా అయితే నాకు ఫోన్ చెయ్యండి, ఆవిడ మీదికి వెళ్లకండి," అని తన నంబరు రాసిచ్చి, ఆవిడ నంబరు రాసుకున్నాడు. ఆ నంబర్ల వల్ల ఏం జరగబోతోందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

నాకు ఇంకో భయం ఉంది. అది ఆ కాగితం మీద రాయలేదు.

నేను గుమ్మం దగ్గర నిలబడి సాగనంపిన మనిషి తిరిగి రాడు. నాన్న రేవు పనికి వెళ్లిన రోజు ఎప్పుడూ లేనిది గుమ్మందాకా వెళ్లి చెయ్యి ఊపాను. మా ఆయన పన్ను పీకించుకుని గంటలో వస్తానని బయల్దేరితే, వెనకాలే వెళ్లి గొడుగు అందించాను. గొడుగు ఎవరో తెచ్చిచ్చారు. అప్పట్నుంచి నేను ఎవరినీ గుమ్మందాకా సాగనంపను. ఎవరైనా బయల్దేరుతుంటే నాకు వంటింట్లో పని పడుతుంది, లేదా పుస్తకంలో తల దూరుతుంది.

రెండు నెలల కిందట చెల్లెలు వచ్చింది. ఈ ఏడాదితో దాని ఉద్యోగం అయిపోతుంది, ఇక్కడే నాతో ఉంటుందని నేను గది కూడా సర్దిపెట్టాను. అది మాత్రం ఇంకో ఏడాది ఉంటానని రాసిచ్చి వచ్చింది. "నా బదులు అక్కడికి వచ్చే మొనగత్తె ఎవరూ లేరు," అంది. నేను పుస్తకం తెరిచాను. బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, "వెళ్లొస్తానే," అంది. నేను పేజీ తిప్పాను. అది చెప్పులు వేసుకుని, "అక్కా, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు," అని మెట్లు దిగిపోయింది.

నేను కోపంతో పలకలేదనుకుంది. అనుకోనీ అనుకున్నాను. కోపం వల్ల మనుషులు చావరు.

చెల్లెలు వెళ్లిన రెండు నెలలకి మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. మా వీధిలో కరెంటు పోయి రెండు రోజులు. నా ఫోను ముందురోజే చచ్చిపోయింది. బ్యాటరీ మీద సెట్టు ఒక్కటే బతికుంది. మూడున్నరకే కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడో దూరంగా ఉరిమింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాను: పద్నాలుగు. మళ్లీ మెరిసింది: పదకొండు. కేబులు పీకెయ్యాలి. కానీ పీకేస్తే హాజరు వినబడదు. కేబులు మీద చెయ్యి వేసి, తీసి, చివరికి నేను చేసిన పని ఏమిటంటే, సెట్టు మీద దుప్పటి కప్పాను. దుప్పటి పిడుగుని ఆపదని పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా కప్పాను. స్పీకరు వేరే పెట్టెలో అలమరలో ఉంది కాబట్టి మాటలకి అడ్డం లేదు.

నాలుగయింది.

"అందరికీ నమస్కారం," అన్నాడు గడియారాలాయన. "నా పెద్ద ఏరియల్ పొద్దున్న గాలికి పడిపోయింది. కిటికీలో చిన్నదానితో మాట్లాడుతున్నా. ముందు కొండ చెప్పండి."

చెల్లెలి గొంతు గబగబా వచ్చింది. "వాగు ఆసుపత్రి మెట్లెక్కింది. ఇద్దరు గర్భిణులున్నారు, ఒకామెకి నొప్పులు. పైన బడికి తీసుకెళ్తున్నాం. పెద్ద సెట్టు మొయ్యలేను, చేతి సెట్టుతో మాట్లాడతా. ఇరవై నిమిషాల్లో బడి చేరగానే పిలుస్తా. బండి అవసరం పడుతుంది. అందరూ వింటూ ఉండండి." చివర్లో, "మా అక్క ఎలాగూ వింటూనే ఉంటుంది," అంది.

"విన్నారుగా," అన్నాడాయన. "కొండ పిలిచేదాకా ఈ దారి ఖాళీగా ఉండాలి. ఎవరూ నొక్కొద్దు."

మైకు నా చేతిలో ఉంది. జాగ్రత్త అనాలని ఉంది. బొటనవేలు బొత్తాం మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఎవరూ నొక్కొద్దన్నాడుగా అని నాకు నేనే సాకు చెప్పుకుని, మైకు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు పైకి మడుచుకుని కుర్చీలో ముడుచుకుపోయాను.

స్పీకరు మూగబోయింది.

మొదటి పది నిమిషాలు అది మామూలే అనుకున్నాను. ఎవరూ మాట్లాడొద్దన్నాక ఎవరు మాట్లాడతారు? ఇరవై నిమిషాలు అయింది. ఇరవై అయిదు. బడి దారి నాకు తెలుసు. ఒకవైపు రాయి, ఇంకోవైపు లోయ. అరవై రెండేళ్ల మనిషి, వానలో, నొప్పులతో ఉన్న ఆడమనిషిని పట్టుకుని ఎక్కడం. స్పీకరు దగ్గర చెవి పెట్టాలని కాస్త వంగాను. గుసగుస కూడా లేదు. మామూలుగా దూరపు ఉరుముకి అది చిటపటమంటుంది, ఇప్పుడు అదీ లేదు. అంత చావు నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

చెయ్యి చాపి దుప్పటి మీద పెట్టాను. వెచ్చగా ఉంది. జ్వరం వచ్చిన ఒళ్లులా ఉంది. పిడుగు వచ్చి సెట్టులో దూరిందనుకుని చెయ్యి లాక్కున్నాను.

అప్పుడు నాకు మాటలు మొదలయ్యాయి. నాకు భయం ముదిరితే పైకి మాట్లాడుకునే అలవాటు ఉంది. ఒంటరిగా ఉండేవాళ్లకి అది తప్పు కాదు.

"ఒసే సూదిమొనా, పలకవే," అన్నాను. "ఇంకో ఏడాది ఉంటానని రాసిచ్చావు, రాసిచ్చేముందు ఒక్కమాట అడిగావా? నీకోసం ఆ గదిలో కిటికీకి కొత్త గడియ వేయించాను. నేను కోపంతో కాదే తల ఎత్తంది. నేను గుమ్మంలోకి వస్తే నువ్వు పోతావు. నాన్న అలాగే పోయాడు. మీ బావ గొడుగు పట్టుకుని పోయాడు. నేను రాకపోతే నువ్వు బతుకుతావనుకున్నానే. వంటింట్లో కూర్చుని మనుషుల్ని బతికిస్తున్నా ఇన్నేళ్లూ. మీకేం తెలుసు? ఇప్పుడు చూడు, నేను గుమ్మం దాటలేదు, చెయ్యి ఊపలేదు, అయినా నిన్ను నీళ్లు తీసుకుపోయాయి. పలకవే. ఒక్క తిట్టు తిట్టు. చిన్నప్పుడు, బడి లేకపోయినా నాన్న నాకు కొనిచ్చిన పలక పగలగొట్టి పిల్లి మీదికి నెట్టావు, అదీ నాకు తెలుసు, అమ్మకి చెప్పలేదు..."

ఇంకా ఏమేమి అన్నానో నాకు గుర్తులేదు. దాని జుట్టు రంగు సంగతీ, గురక సంగతీ కూడా అన్నానని తర్వాత చెప్పారు.

మెట్ల మీద దబదబ అడుగులు. తలుపు ధడాలున తెరుచుకుంది. ఇంటావిడ. చేతిలో ఫోను, ఒగరుస్తోంది.

"లెయ్యవమ్మా! లే ముందు!"

"ఏమైంది? మా చెల్లెలు..."

"నాకేం తెలుసు మీ చెల్లెలి సంగతి! గడియారాలాయన ఫోను. నిన్ను లెయ్యమంటున్నాడు!"

"ఎక్కణ్ణుంచి?"

"కుర్చీలోంచి! మైకు మీద కూర్చున్నావట, ఊరంతా నీ ఏడుపే వింటున్నారట!"

నేను లేచాను. ఒళ్లోంచి జారిన మైకు, కుర్చీ చెయ్యికీ పరుపుకీ మధ్య ఇరుక్కుని, నా తొడ కింద బొత్తాం నొక్కుకుని ఉంది. నేను లేచిన మరుక్షణం స్పీకరు ఒక్కసారిగా బతికింది. చిటపట, గుసగుస, మనుషుల గొంతులు. దుప్పటి లాగేశాను. మాట్లాడుతున్నప్పుడు వెలిగే ఎర్రదీపం అప్పుడే ఆరినట్టుంది. ఆ దీపమే నేను దుప్పటి కింద దాచిపెట్టింది.

నొక్కినంతసేపూ చెవుడు. ముప్పై అయిదు నిమిషాలు. చెల్లెలు పలకలేదని నేను ఏడ్చిన ఆ ముప్పై అయిదు నిమిషాలూ దాని గొంతు మీద కూర్చున్నది నేనే.

ఇంటావిడ నా భుజం పట్టుకుంది.

"కొండా, కొండా, దారి ఖాళీ అయింది, చెప్పండి," గడియారాలాయన పిలుస్తున్నాడు. ఆగాడు. మళ్లీ పిలిచాడు. "నాకేం వినబడడం లేదు. ఎవరికైనా వినబడుతోందా?"

ఎవరూ పలకలేదు.

నాకు వినబడింది. ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, హోరులో దారమంత సన్నగా. "...క్కా... అక్కా, నువ్వైనా..." ఆయనది పడిపోయాక అందరికంటే ఎత్తైన ఏరియల్ నాదే. ఇంటావిడ డాబా మీది గుడ్డ ఊడిన గొడుగు. చేతి సెట్టు గొంతు దానికి ఒక్కదానికే అందుతోంది.

"మాట్లాడు," అంది ఇంటావిడ. "ఇందాకట్నుంచి మాట్లాడావుగా, ఇప్పుడేంటి సిగ్గు?"

మైకు తీసుకున్నాను. మళ్లీ నొక్కడమా? ఇందాక నొక్కినందుకే ఇంత జరిగింది. నొక్కితే మళ్లీ దాని గొంతు పోతుంది. వదిలితే నేను విన్నానని దానికి తెలియదు.

నొక్కాను. "వినబడుతోందే. చెప్పు." కంఠతా పట్టిన నియమాలన్నీ ఎటో పోయాయి. మొదట చెప్పాల్సిన నా లైసెన్సు గుర్తు కూడా చెప్పలేదు. వెంటనే వదిలాను.

"బడి చేరాం. అందరం. ఒకామెకి కష్టంగా ఉంది, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. పెద్దాసుపత్రికి బండి కావాలి. ముందు రోడ్డు వంతెన పోయింది, అటు రావద్దు. వెనక క్వారీ దారి. క్వారీ దారి అని చెప్పు. ఓవర్."

ఎవరు ఎప్పుడు మాట్లాడారో రాసుకునే లాగ్ పుస్తకం తెరిచాను. నాలుగు నెలలుగా అందులో నేను విన్నవాళ్ల గురించే రాసుకున్నాను. నాలుగూ నలభై మూడు అని వేసి ఆ మాటలు రాసి, నొక్కి, గడియారాలాయనకి చదివి వినిపించాను. "మళ్లీ చెప్పండి," అన్నాడు. చెప్పాను. ఆయన తిరిగి నాకు చదివాడు. క్వారీ అన్నచోట గట్టిగా అవునన్నాను. ఫోను కోసం ఆయన పక్కకి వెళ్లాడు. అయిదు నిమిషాలకి బండి బయల్దేరిందని చెప్పాడు. అది నేను కొండకి చెప్పాను. అలా నాలుగైదుసార్లు, దాని మాట ఆయనకి, ఆయన మాట దానికి. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఎంతసేపట్నుంచి పిలుస్తున్నావే?" అని అడిగాను, అడగకుండా ఉండాల్సింది.

"పావుగంట. నొక్కి పిలవడం, వదిలితే నీ గొంతు. నొక్కడం, వదలడం, నీ గొంతు."

"అంతా విన్నావా?"

"పలక పగలగొట్టింది పిల్లే."

ఇంటావిడ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ పావుగంటలో అక్కడ ఒకామె నొప్పులు పడుతూ పడుకుని ఉంది.

"అక్కా, చేతి సెట్టు బ్యాటరీ అయిపోవస్తోంది," అంది చెల్లెలు. "కట్టేసి పొద్దున్న ఆరింటికి పెడతా. దారిలో ఈవిడతో నేను కూడా బండెక్కాలి, క్వారీ దాటేదాకా. వెళ్లొస్తా."

మైకుని ఒంటికి దూరంగా పట్టుకున్నాను. చీకటి, వాన, క్వారీ అంచున బండి. ఇదే గుమ్మం. ఇదే అడుగు. నేను ఒక్కమాట అన్నానా, అది తిరిగి రాదు.

హోరు. మళ్లీ దాని గొంతు, ఇంకా సన్నగా. "నువ్వు అంటేగానీ నేను కట్టను. బ్యాటరీ పోతే పోనీ. నువ్వు గుమ్మంలోకి వస్తే చచ్చేదాన్నైతే ఈ ఉద్యోగంలో ఎప్పుడో చచ్చేదాన్ని. అనవే."

అది ఆపకపోతే పొద్దున్నకి బ్యాటరీ ఉండదు. బ్యాటరీ లేకపోతే దారిలో ఏమైనా అయితే పిలవడానికీ ఉండదు. అనకపోయినా చంపుతాను, అన్నా చంపుతాను అనిపించింది. కళ్లు మూసుకుని నొక్కాను.

"వెళ్లిరా," అన్నాను. "వెళ్లిరావే. తలకి గుడ్డ కట్టుకో."

వదిలాను. టిక్కుమని చిన్న చప్పుడు. తర్వాత హోరు.

ఇంటావిడ కింద నుంచి కొవ్వొత్తి తెచ్చిచ్చి వెళ్లింది. "మైకు మేకుకి తగిలించుకో," అని మరీ చెప్పింది. నేను మేకు కొట్టి తగిలించాను. ఉరుములు దగ్గరికి రావడంతో కేబులు పీకి కిటికీ బయటికి తోసేశాను, ఈసారి నియమం ప్రకారం. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. నిద్ర అనేది ఉందని కూడా గుర్తు రాలేదు. నేను సాగనంపిన మూడో మనిషి అది. మొదటి ఇద్దరి లెక్క నాకు తెలుసు.

అయిదున్నరకి ఉరుములు ఆగాయి. కేబులు తగిలించాను. ఆరయింది. ఆరూ రెండు. గడియారాలాయన పిలిచాడు. గొంతులో నిద్ర లేదు, ఆయన కూడా పడుకున్నట్టు లేడు. ఆరూ నాలుగు. నేను మేకు మీది మైకుని చూస్తూ నిలబడ్డాను. కుర్చీలో కూర్చునే ధైర్యం లేదు.

ఆరూ ఏడుకి హోరులో దారం కదిలింది.

"అక్కా. కుర్చీలోంచి లేచావా?"

నేను మైకు అందుకున్నాను, కానీ వెంటనే నొక్కలేదు. అది మాట్లాడుతోంది. ఆడపిల్ల పుట్టిందట. క్వారీ దాటాక, బండిలోనే. డ్రైవరు మొహం చూడాల్సిందట. పెద్దాసుపత్రిలో దించి అదే బండిలో బడికి తిరిగొచ్చిందట, తల్లికి చాలా రక్తం పోయిందట, బతుకుతుందన్నారట. ఇంకొంచెం ముందు వచ్చుంటే ఇంత రక్తం పోయేది కాదని డాక్టరు అన్నాడో లేదో అది నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ప్రశ్న నా కాగితం మీద ఇరవై నాలుగోది.

అది చెప్పడం ఆపాక పూర్తిగా అయిపోయిందని నమ్మకం కుదిరేదాకా ఆగి, అప్పుడు నొక్కాను. నిలబడే.